పదే పదే గొంతు నొప్పి వస్తుంటే ఏం చేయాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో గొంతు నొప్పి అనగానే చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మెడికల్ షాపులో మూడు రోజుల గోలీలతో సరిపెట్టుకుంటారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే నొప్పి. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి.

నొప్పి వచ్చిన ప్రతిసారీ తేదీ, జ్వరం ఎంత, టాన్సిల్స్ మీద తెల్లగా ఉందా, దగ్గు, జలుబు ఉన్నాయా, ఏ మందు ఎన్ని రోజులు వాడారు అన్నవి రాయండి. పాత చీటీలు పారేయకండి. టాన్సిల్స్ ఆపరేషన్ గురించి డాక్టర్లు ఆలోచించేది ఈ లెక్క చూసే. ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5 సార్లు, లేదా మూడేళ్లు ఏటా 3 సార్లు తీవ్రంగా రావాలి. అంతకన్నా తక్కువైతే సాధారణంగా ఆగి చూద్దామనే అంటారు.

దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురు ఉంటే అది ఎక్కువగా వైరస్. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, వారంలో దానంతటదే తగ్గుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లలకైతే బరువును బట్టి డోసు అడిగి వేయాలి.

దగ్గు లేదు, జ్వరం ఎక్కువ, టాన్సిల్స్ మీద చీము, మెడలో బిళ్లలు ముట్టుకుంటే నొప్పి. ఇలా ఉంటే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కావచ్చు. డాక్టర్‌కు చూపించి, వీలైతే గొంతు స్వాబ్ పరీక్ష (దూదిపుల్లతో గొంతు లోపల తుడిచి చేసేది) చేయించండి. ఈ బ్యాక్టీరియా సోకిందా అని చూసే ఏఎస్‌ఓ రక్తపరీక్ష పాత ఇన్‌ఫెక్షన్‌ను కూడా చూపిస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మి మందులు మొదలుపెట్టొద్దు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి రాస్తే మామూలుగా 10 రోజుల కోర్సు ఉంటుంది. మూడో రోజుకే నొప్పి పోయినా దయచేసి మధ్యలో ఆపకండి. ఈ బ్యాక్టీరియాకు సరైన వైద్యం అందకపోతే కొందరికి, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు, రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. గొంతుతో మొదలైంది గుండె దాకా పోనివ్వకూడదు.

జ్వరమేమీ లేకుండా గొంతు ఎప్పుడూ మంటగా ఉంటే కారణం వేరే ఉండొచ్చు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో, పత్తి జిన్నింగ్‌లో పనిచేసేవాళ్లు దుమ్ముకు మాస్క్ కట్టుకోవాలి. రాత్రి తిన్న వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులు గొంతు దాకా వస్తాయి, అందుకే భోజనం రెండు మూడు గంటల ముందే ముగించండి. బీడీ, సిగరెట్ మానేయాల్సిందే. ఇంట్లో ఒకరికి వస్తే గ్లాసు, చెంచా, తువ్వాలు వేరుగా పెట్టండి.

నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, గొంతు ఒకవైపే వాచి మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఇంటి వైద్యాలు పక్కన పెట్టి రాత్రయినా సరే 108కు ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలి.