ఓఎమ్ షార్ప్‌లో మొదటి ప్యాచ్ ఎలా చేయాలి?

బెంగళూరులో మన తెలుగువాళ్లు చాలామంది వారమంతా ఆఫీసులో కోడ్ రాసి, శని ఆదివారాల్లో కీబోర్డో వీణో నేర్చుకుంటూ ఉంటారు. వాళ్లలో కొందరు కంప్యూటర్‌తో స్వరరచన చేద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టి, కొన్నాళ్లకే "ఇది ఒక్కోసారి ఒక్కోలా చేస్తోంది" అని వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. ఒకే ఒక్క విషయం అర్థం చేసుకోకుండా ముందుకు పోవడం వల్ల వచ్చే తిప్పలవి. దాని గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

కావలసినవి: ఒక ల్యాప్‌టాప్, వైరున్న హెడ్‌ఫోన్లు. ఎస్.పి. రోడ్డుకు వెళ్లి సౌండ్‌కార్డు, మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు స్వరాల సంకేతాలు పంపేది) కొనే పని ఇప్పుడు లేదు. సాఫ్ట్‌వేర్ ఓఎమ్ షార్ప్. ప్యారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో 1990లలో తయారైన ఓపెన్‌మ్యూజిక్ నుంచి వచ్చిందిది. ఉచితంగా దొరుకుతుంది, మ్యాక్, విండోస్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. శబ్దం వినడానికి విండోస్‌లో ఉన్న మిడి సింథ్‌ను (ఆ సంకేతాలను శబ్దంగా మార్చేది) సెట్టింగ్స్‌లో ఎంచుకుంటే చాలు. మ్యాక్‌లో అయితే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మిడి సంకేతాలు చేరవేసే ఐఏసీ డ్రైవర్‌ను ఆన్ చేసి, గ్యారేజ్‌బ్యాండ్ తెరిచి ఉంచండి.

ప్యూర్ డేటాతో మొదలుపెట్టకూడదా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కూడదు. మిల్లర్ పకెట్ 1996లో విడుదల చేసిన ఆ ప్రోగ్రామ్ గొప్పదే, కానీ దాని బలమంతా అప్పటికప్పుడు శబ్దాన్ని పుట్టించడంలో ఉంది. మనకు కావలసింది తీరిగ్గా స్వరాలు పేర్చి, నొటేషన్‌లో చూసుకుని, దిద్దుకోవడం. ఇక వాక్యం టైపు చేస్తే పాట తయారుచేసి ఇచ్చే కొత్త యాప్‌లున్నాయి. వాటిలో ఫలానా స్వరం అక్కడికి ఎందుకు వచ్చిందని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. ప్యాచ్‌లో, అంటే బాక్సులను తీగలతో కలిపి తయారుచేసే ప్రోగ్రామ్‌లో, ప్రతి స్వరానికీ కారణం కళ్ల ముందే ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

కొత్త ప్యాచ్ తెరిచి, ఖాళీ చోట డబుల్ క్లిక్ చేసి ఇలా టైపు చేయండి: (6000 6100 6400 6500 6700 6800 7100 7200). ఇవి మాయామాళవగౌళ స్వరాలు. ఇక్కడ స్వరస్థానాన్ని మిడిసెంట్లలో చెప్పాలి. మధ్య స్థాయి షడ్జమం 6000 అనుకుంటే ఒక్కో అర్ధస్వరానికి 100 పెరుగుతుంది. అంకెల మధ్య ఖాళీ మాత్రమే ఉండాలి. పైథాన్ అలవాటుతో కామాలు పెట్టకండి. గమకాల జోలికి ఇప్పుడే పోకండి. సరళీ స్వరాలు రాకుండా ఎవరూ వర్ణం పాడరు.

తర్వాత స్వరాలను నొటేషన్‌లో చూపే కార్డ్-సెక్ అనే బాక్సు పెట్టండి. దాని పైన వరుసగా ఇన్‌లెట్లు (తీగ కలిపే చోట్లు) ఉంటాయి. ఎడమ చివర ఉన్నది సెల్ఫ్. మన లిస్టును దాని పక్కనున్న ఎల్-మిడిక్‌కు కలపాలి. బాక్సును ఎంచుకుని వీ కీ నొక్కితే స్వరాలు కనిపిస్తాయి.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి.

ప్యాచ్ పై నుంచి కిందికి నడవదు. కోడ్ రాసే మన వాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. మీరు వీ నొక్కిన బాక్సు తన పైనున్న బాక్సును విలువ అడుగుతుంది, అది దాని పైదాన్ని అడుగుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, కింద అడిగితేనే పైన లెక్క జరుగుతుంది. ఎవరూ అడగని బాక్సు అసలు పని చేయదు. ఒకే బాక్సును ఇద్దరు అడిగితే రెండుసార్లు లెక్క చేస్తుంది.

దీన్ని నమ్మడం కాదు, చేసి చూడండి. లిస్టు కింద పెర్మ్యూట్-ర్యాండమ్ బాక్సు పెట్టండి. అది స్వరాల వరుసను కలగాపులగం చేస్తుంది. దాని నుంచి ఒక తీగను నేరుగా, రెండు లిస్టులను ఒకటిగా కలిపే ఎక్స్-అపెండ్ బాక్సు మొదటి ఇన్‌లెట్‌కు కలపండి. ఇంకో తీగను, వరుసను వెనక్కి తిప్పే రివర్స్ బాక్సు గుండా రెండో ఇన్‌లెట్‌కు తీసుకురండి. ఎక్స్-అపెండ్ ఫలితాన్ని కార్డ్-సెక్‌కు ఇచ్చి వీ నొక్కండి. ఎనిమిది స్వరాలు, వాటి వెంటే అవే వెనక్కి రావాలి. అంటే ఎనిమిదో స్వరం, తొమ్మిదో స్వరం ఒకటే కావాలి. చాలాసార్లు కావు! పెర్మ్యూట్-ర్యాండమ్‌ను రెండు వైపుల నుంచీ అడిగారు కాబట్టి అది రెండు వేర్వేరు వరుసలు ఇచ్చింది.

దీనికి విరుగుడు ఆ బాక్సును ఒక్కసారే లెక్క చేసే మోడ్‌లో పెట్టడం. అప్పుడు దాని మీద 1 గుర్తు కనిపిస్తుంది. ఇప్పుడు మళ్లీ వీ నొక్కితే రెండు సగాలూ అద్దంలో చూసినట్టే వస్తాయి. వీ నొక్కిన ప్రతిసారీ కొత్త వరుస వస్తుంది గానీ, ఆ ఒక్క నొక్కు లోపల మాత్రం మారదు.

లాక్ చేయడం వేరు. బీ కీతో లాక్ చేస్తే అప్పటిదాకా ఉన్న విలువ ఎన్నిసార్లు వీ నొక్కినా అలాగే నిలిచిపోతుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. కొత్త వరుసలు వింటూ వెతుకుతున్నంతసేపు 1 గుర్తు ఉంచండి. నచ్చిన వరుస దొరకగానే లాక్ చేయండి, ఆలస్యం చేయకండి. ఇంకోసారి వీ నొక్కితే ఆ వరుస పోయినట్టే.

కార్డ్-సెక్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిచి, చేత్తో స్వరాలు జరిపినప్పుడు కూడా ఇదే నియమం. లాక్ చేయకుండా మళ్లీ వీ నొక్కితే అది పైనున్న లిస్టు నుంచి మొత్తం కొత్తగా తయారవుతుంది, మీరు చేత్తో దిద్దినదంతా చెరిగిపోతుంది. దిద్దడానికి ముందే లాక్ చేయండి. ఇందుకు తిరగబడిన సమస్య కూడా ఉంది: పైన లిస్టు మార్చినా కింద ఏమీ మారడం లేదంటే మధ్యలో ఏదో బాక్సు లాక్ అయి ఉందన్నమాట. ప్రోగ్రామ్ మూసి తెరిచే ముందు లాక్ గుర్తు కోసం చూడండి.

ఇక మిగిలింది సులువు. స్వరాలు మొదలయ్యే సమయం చెప్పే ఎల్-ఆన్‌సెట్‌లో (0 500) అని ఇస్తే అర సెకనుకో స్వరం చొప్పున చివరిదాకా సాగుతుంది. స్వరం నిడివి చెప్పే ఎల్-డ్యూర్‌లో 450 ఇవ్వండి, స్వరాలు ఒకదాని మీద ఒకటి పడవు. పై లిస్టును (6000 6200 6400 6700 6900 7200) గా మార్చితే అదే ప్యాచ్ మోహనలో పలుకుతుంది. ఇక్కడ సగానికి ఆరు స్వరాలే కాబట్టి ఆరోది, ఏడోది సరిచూసుకోండి. ప్రతి మార్పునూ కొత్త పేరుతో సేవ్ చేయండి.