అమెరికా జైల్లో ఉన్నవాళ్లు శిక్షపై ఫెడరల్ కోర్టుకు వెళ్లడం ఎలా?

కొడుక్కో తమ్ముడికో అమెరికాలో శిక్ష పడిందంటే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "పై కోర్టుకు వెళ్లొచ్చు కదా?" వెళ్లొచ్చు. కానీ మామూలు అప్పీలు వేరు, అది ముగిశాక మిగిలే హేబియస్ కార్పస్ దారి (తనను జైల్లో ఉంచడం చట్టవిరుద్ధమని కోర్టును అడగడం) వేరు. ఈ రెండో దారిలో కేసు బలం కంటే ముందు క్యాలెండరు చూస్తారు.

ఏ తలుపు తట్టాలి?

శిక్ష వేసింది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టయితే సెక్షన్ 2255 కింద అదే కోర్టులో మోషన్ వేయాలి. ఫీజు లేదు. చాలాసార్లు శిక్ష వేసిన జడ్జి చేతికే అది మళ్లీ వెళ్తుంది. రాష్ట్ర కోర్టు శిక్ష అయితే సెక్షన్ 2254 కింద ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో పిటిషన్ వేయాలి. ఫీజు 5 డాలర్లు. అయితే అదే పాయింటును ముందు రాష్ట్ర కోర్టుల్లో చివరిదాకా వాదించి ఉండాలి.

గడువు లెక్కేయండి

1996లో వచ్చిన చట్టం ప్రకారం ఏడాదే గడువు. సాధారణంగా తీర్పు అంతిమమైన రోజు నుంచి లెక్క. ఫెడరల్ కేసులో 2024 జూన్ 3న తీర్పు నమోదైంది, అప్పీలు వేయలేదు అనుకుందాం. అప్పీలుకు ఇచ్చే 14 రోజులు జూన్ 17తో అయిపోతాయి. అంటే 2025 జూన్ 17 ఆఖరు. అప్పీలు వేసి ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లకపోతే, అక్కడికి వెళ్లేందుకు ఉన్న 90 రోజులు ముగిశాకే ఏడాది మొదలవుతుంది. రాష్ట్ర కోర్టులో సక్రమంగా వేసిన పిటిషన్ నడుస్తున్నంత కాలం గడియారం ఆగుతుంది. అప్పటికే కరిగిపోయిన రోజులు మాత్రం తిరిగి రావు.

ఏం రాయాలి?

కోర్టు ఇచ్చే ఫారం నింపితే చాలు. చట్టం వల్లించక్కర్లేదు, జరిగింది రాయాలి. "మా లాయరు సరిగ్గా చేయలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారని లాయరు చెప్పలేదు, తెలిస్తే ఒప్పుకోకుండా విచారణకే వెళ్లేవాణ్ణి" అని రాసి, ఆనాటి ఈమెయిళ్లు జతచేస్తే జడ్జి ఆగి చదువుతారు. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్లకు ఇదే ముఖ్యమైన పాయింటు. దేశబహిష్కారం ముప్పు గురించి క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యతని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉన్న కారణాలన్నీ ఒకేసారి రాయండి. రెండోసారి వేయాలంటే ముందు అప్పీళ్ల కోర్టు అనుమతి కావాలి, అది దొరకడం చాలా కష్టం.

ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టించుకునే హక్కు ఇక్కడ లేదు. జడ్జి తలిస్తే నియమించవచ్చు. లోపల చట్టం తెలిసిన తోటి ఖైదీ రాసిపెట్టడం మాత్రం తప్పు కాదు.

పోస్టు చేసేది ఎవరు?

ఇక్కడే కుటుంబాలు మంచి చేయబోయి చెడగొడతాయి. ఖైదీ తన కాగితాన్ని జైలు లీగల్ మెయిల్‌లో (కోర్టు ఉత్తరాల కోసం జైల్లో ఉండే టపా ఏర్పాటు) ఆఖరు రోజులోగా వేసి, ఏ తేదీన వేశాడో, తపాలా ఖర్చు ముందే కట్టినట్టు ప్రమాణపూర్వకంగా రాస్తే, కోర్టుకు ఆలస్యంగా చేరినా గడువులోపు వేసినట్టే. అదే కవరు మనం బయట పోస్టాఫీసులో వేస్తే కోర్టుకు చేరిన రోజే లెక్క.

కొట్టేస్తే?

నోటీస్ ఆఫ్ అప్పీల్ (అప్పీలు చేస్తున్నానని తెలిపే కాగితం) వేయాలి. 2254 అయితే 30 రోజులు, 2255 అయితే 60. పేరు, ఏ ఉత్తర్వు మీద, ఏ కోర్టుకు అన్నది రాస్తే ఒక పేజీ సరిపోతుంది. దానితోపాటు సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ (అప్పీలుకు అనుమతి పత్రం) కావాలి. గెలుస్తామని నిరూపించక్కర్లేదు, రాజ్యాంగ హక్కుకు సంబంధించిన ఈ విషయంపై వివేకం గల జడ్జీలు వాదించుకునే అవకాశముందని చూపితే చాలు. కొట్టేసిన జడ్జే ఇవ్వాలో వద్దో చెబుతారు. ఆయన కాదంటే అప్పీళ్ల కోర్టును అడగవచ్చు. అప్పీలు ఫీజు 605 డాలర్లు. కట్టలేనివాళ్లు జైలు ఖాతా స్టేట్‌మెంటు జతచేసి మినహాయింపు కోరవచ్చు.

ఆ 30, 60 రోజులు ఉత్తర్వు కోర్టులో నమోదైన రోజు నుంచే నడుస్తాయి, ఉత్తరం చేతికందిన రోజు నుంచి కాదు. ఖైదీలను ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మారుస్తూనే ఉంటారు, ఉత్తర్వేమో పాత చిరునామాకు పోతుంది. ఈ నియమం నాకు కాస్త కఠినంగానే అనిపిస్తుంది. మీవాడు ఫోన్ చేసి "నన్ను మార్చారు" అనగానే, ఆ రోజే కేసు నంబరు వేసి కొత్త చిరునామాను కోర్టు క్లర్కుకు రాయమనండి.