విశాఖ తీరంలో బృందంగా గాలిపటాలు: గాలి మారినప్పుడు వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

దారాలను లాగుతూ ఎటైనా తిప్పగల రెండు దారాల పటాన్ని గానీ నాలుగు దారాల పటాన్ని గానీ ఒక్కరే ఎగరేస్తున్నప్పుడు లోపం ఎక్కడుందో చేతికే తెలిసిపోతుంది. నలుగురో ఆరుగురో వరుసగా నిలబడి పటాలన్నింటినీ ఒకే ఆకృతిలో తిప్పేటప్పుడు అంత సులువు కాదు. ఒక పటం వెనకబడితే గాలి తగ్గిందని ఒకరు, దారం సాగిందని మరొకరు, పక్కవారు జరిగారని ఇంకొకరు అంటారు. పైగా విశాఖలో ఒకే రోజులో గాలి దిక్కు మార్చుకోవడం మామూలే. అందువల్ల ఏ సర్దుబాటుకైనా ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇబ్బంది ఒక్క పటానికేనా, పక్కపక్కనున్న రెండింటికా, లేక అన్నింటికీనా? ఒక్కదానికే అయితే లోపం ఆ పటంలోనో దాని దారాల్లోనో ఉంటుంది. రెండింటికైతే నిలబడిన తీరులోనో, ఏ ఆకృతి చేయాలో అందరికీ చెప్పే పిలుపులోనో ఉంటుంది. అన్నీ ఒకేసారి తడబడితేనే గాలిని అనుమానించాలి. గాలి మీదికి నెట్టేసే లోపాల్లో చాలా వరకు నిజానికి దారాలవేనని నా గట్టి అభిప్రాయం.

సమస్య: ఒక్క పటమే ఒక పక్కకు లాగుతోంది, వరుసలో తన చోట నిలవడం లేదు

మొదట చూడవలసింది దారాల పొడవు. ఈ పటాలకు వాడే డైనీమా అనే సింథటిక్ దారం నైలాన్‌తో పోలిస్తే చాలా తక్కువ సాగుతుంది. అయినా కొత్తలో కొంత సాగుతుంది, చివరల్లో వేసిన ముడులు బిగుసుకునే కొద్దీ మరికొంత పొడవు పెరుగుతుంది. అన్ని దారాలూ సమానంగా సాగితే బాధ లేదు గానీ, చాలామంది ఒక చేతిని రెండో చేతికంటే గట్టిగా లాగుతారు. నాలుగు దారాల పటంలో బరువు ఎక్కువగా పై జత మీద పడుతుంది కాబట్టి కింది జతకంటే అదే ముందు సాగుతుంది. ఈ తేడా వేలి మందమంత ఉన్నా చాలు, పటం ఒక పక్క బరువెక్కిన కావడిలా ఒరిగి ఎగురుతుంది.

లోపం దారాలదా పటానిదా అన్నది తేల్చుకోవడానికి కుడి దారాన్ని ఎడమకు, ఎడమ దారాన్ని కుడికి మార్చి మళ్లీ ఎగరేయాలి. లాగుడు రెండో పక్కకు మారితే తప్పు దారాలది. మారకపోతే పుల్ల ఒకటి కీలులో సరిగా కూర్చోలేదనో, బట్టను దారాలకు కలిపే బ్రైడిల్ ముడి జరిగిందనో అర్థం. ఆ రెండూ సరిగానే ఉంటే పటాన్ని మరొకరి చేతికిచ్చి చూడాలి.

దారాలను సరిచేయడానికి ఇసుకలో గట్టిగా దిగిన ఒకే మేకుకు వాటి కొసలన్నీ తగిలించి, రెండో కొసకు నడిచి వెళ్లి, ఉచ్చులన్నింటినీ ఒకే కడ్డీ మీదికి తీసుకుని ఒక్క పట్టుగా లాగాలి. ఏ దారం బిగువుగా నిలిచిందో, ఏది మధ్యలో కుంగి ఇసుకను తాకుతోందో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. కుంగిన దారం కొసలోని ముడి విప్పి, మిగతావాటికి సరిపోయేలా వెనక్కి జరిపి కట్టాలి. ఈ పని ఒక్క పటానికి చేసి ఊరుకోకుండా బృందంలోని దారాలన్నింటినీ అదే మేకుకు తగిలించి చేయాలి. నాలుగు దారాల పటాలతో ఎగిరే బృందాలు సాధారణంగా 120 అడుగుల దారం, అంటే సుమారు 36 మీటర్లది, వాడతాయి. అందరి దారమూ అంతే అనుకుని ఒక్కరిది అరమీటరు పొట్టిగా ఉంటే ఆ పటం తిరిగే వలయం చిన్నదై, ప్రతి మలుపులోనూ మిగతావాటికంటే ముందే చేరుతుంది. ఎంత నేర్పున్నవారైనా ఆ తేడాను చేతులతో పూడ్చలేరు. పై జతను, కింది జతను అప్పుడప్పుడు తారుమారు చేస్తూ ఉంటే సాగుడు సమంగా పంచుకుపోతుంది.

సమస్య: నాలుగు దారాల పటం పైకి లేవడం లేదు, లేచినా వెనక్కి జారుతోంది

కింది దారాలు పై దారాలకంటే మరీ బిగువుగా ఉండటమే దీనికి కారణం. చేత్తో పట్టుకునే హ్యాండిల్ పై కొసన ముడులు వేసిన చిన్న తాడు ఉంటుంది. దారాన్ని చేతికి దగ్గరి ముడికి మార్చితే పై జత పొట్టిదై పటానికి ముందుకు పోయే ఊపు వస్తుంది. గాలి పెరిగినప్పుడు దూరపు ముడికి మార్చితే పటం నిలకడగా ఆగుతుంది, వెనక్కి కూడా చక్కగా నడుస్తుంది. బృందంలో ఒకరు ముడి మార్చితే మిగతావారికి ఆ సంగతి చెప్పాలి.

సమస్య: అన్ని పటాలూ బరువెక్కినట్టు ఎగురుతున్నాయి, పైకి పోయిన పటం అక్కడే చచ్చుబడుతోంది

ఇది గాలి పనే. విశాఖలో తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు పల్చటి గాలి వీస్తుంది. ఎండ ఎక్కే కొద్దీ అది ఆగిపోయి, కాసేపు ఏ గాలీ లేని విరామం వచ్చి, ఆ తర్వాత సముద్రపు గాలి అందుకుంటుంది. మధ్యాహ్నం దాటాక అది బలంగా ఉండి, పొద్దుగూకాక సన్నగిల్లుతుంది. మే నెలలో పడమటి వడగాలి గట్టిగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. విరామ సమయంలో పటాలతో పోరాడటం వల్ల దారాలు చిక్కుపడటం తప్ప మరేమీ ఒరగదు.

గాలి పూర్తిగా పోకుండా తగ్గినప్పుడు పటాలను ఎత్తుకు తీసుకుపోకూడదు. ఎగరేసేవారి ఎదుట, గాలి పోయే వైపున పటం తిరగగల మేర పావు గోళంలా ఉంటుంది. దాని నడిమి భాగంలో, నేలకు దగ్గరగా లాగుడు ఎక్కువ. పై కొసన, పక్క కొసల్లో తక్కువ. కాబట్టి ఆకృతులను కిందికి దించి చిన్నవి చేయాలి. వరుస అంతా ఒకే అడుగుతో మెల్లగా వెనక్కి నడవాలి. ఒక్కరే వెనక్కి నడిస్తే వారి పటం వేగం పుంజుకుని వరుస చెదిరిపోతుంది. పటం మార్చవలసి వస్తే అందరూ కలిసే మార్చాలి. నిండు బట్ట ఉన్న పటం పక్కన గాలి పోనిచ్చే జాలి బట్ట ఉన్నది ఎగురుతుంటే రెంటి వేగాలు ఎన్నటికీ కలవవు.

సమస్య: అన్ని పటాలూ అతివేగంగా పోతున్నాయి, మనుషులే ముందుకు ఈడ్చుకుపోతున్నారు

పటం లాగే బలం గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 12 కిలోమీటర్ల గాలి 24 అయితే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గాలి కొంచెమే పెరిగిందనిపించినా పుల్లలు విరగడానికి ఇదే కారణం. జాలి బట్ట ఉన్న పటాలు కొంత గాలిని తమలోంచి పోనిస్తాయి కాబట్టి వాటికి మారాలి. రెండు దారాల పటాలకైతే గట్టి కార్బన్ పుల్లలు వేయాలి. గాలి విసురు వచ్చిన క్షణంలో వెనక్కి వాలడం మన సహజ స్వభావం గానీ, చేయవలసింది ముందుకు నాలుగడుగులు వేయడం. దానివల్ల పటం మీది ఒత్తిడి వెంటనే తగ్గుతుంది.

సమస్య: అన్ని పటాలూ ఒకే చోటుకు వచ్చేసరికి కుదుపుకు లోనై పడిపోతున్నాయి

చేతిలో గాలి బాగానే ఉన్నట్టు తోస్తుంది, కానీ పటం ఒక హద్దు దాటగానే దారం ఒక్కసారి వదులై, మరుక్షణమే తన్నినట్టు బిగుస్తుంది. ఏదో ఒక అడ్డు మీదుగా వచ్చిన గాలి సుడులు తిరుగుతోందని దీని అర్థం. రామకృష్ణా బీచ్‌లో పడమటి గాలి వీచినప్పుడు అది బీచ్ రోడ్డు వెంట ఉన్న ఎత్తైన భవనాల మీదుగా దిగుతుంది. అడ్డు ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం దాకా గాలి కుదుటపడదు. భవనాల నుంచి అంత దూరం జరిగేందుకు అక్కడ ఇసుక లేదు. పైగా పటాలు సముద్రం మీద ఎగురుతాయి, పడితే అలల్లోకే పోతాయి. పటం కోసం నీళ్లలోకి దిగకూడదు, ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రమాదకరమైనవి. పడమటి గాలి రోజున చోటు మార్చడం ఒక్కటే మార్గం. అయితే కైలాసగిరి, రుషికొండల దిగువన కూడా కొండ వల్ల ఇదే ఇబ్బంది ఉంటుంది కనుక వెనక కొండ లేని మేర వెతుక్కోవాలి.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. అందువల్ల వేసవిలో వీచే నైరుతి గాలి, చలికాలం మొదట్లో వచ్చే ఈశాన్యపు గాలి తీరం వెంబడే నడుస్తాయి. ఏ అడ్డూ లేకుండా ఇసుక పొడవునా వచ్చే ఈ రెండు గాలులే బృందానికి అసలైన వరం. ఇక్కడ ఒకే చిక్కు, ఇసుక వెడల్పు. 36 మీటర్ల దారంతో పటం పక్కకు పోతే ఒక కొస అలల మీద, మరో కొస రోడ్డు మీది కరెంటు తీగల దగ్గర తేలుతుంది. ఇసుక సన్నగా ఉన్నచోట అందరూ 25 మీటర్ల దారానికి మారి, రోడ్డు వైపు ఫలానా గుర్తు దాటకూడదని ముందే హద్దు పెట్టుకోవాలి.

సమస్య: పక్కపక్క పటాలు రెండు ఢీకొంటున్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి

ఆ ఇద్దరూ తమ తమ పటాలనే చూస్తున్నారన్నమాట. వరుసలో ఉన్నవారు తన ముందు పోయే పటాన్ని చూస్తూ, దానికీ తన పటానికీ మధ్య ఎడాన్ని మాత్రమే కాపాడుకోవాలి. ఎడం తగ్గితే లాగి సరిచేయడం కాదు, కొంచెం నెమ్మదించాలి.

రెండో కారణం పిలుపు. అలల హోరులో, ఎదురుగాలిలో మాట సగం వినిపిస్తుంది. పిలుపు ఇచ్చేవారు పటం ఎగరేయని మనిషి అయితే గాలి వచ్చే వైపున, వరుస వెనక నిలబడాలి. గాలే మాటను మోసుకొస్తుంది. పిలుపు రెండు ముక్కలుగా ఉండాలి. ముందు చేయబోయే ఆకృతి పేరు, ఒక్క శ్వాస విరామం, ఆ తర్వాత "ఇప్పుడు" అన్న మాట. పేరు వినగానే ఎవరూ చేయి కదపకూడదు.

ఎడమ, కుడి అన్న మాటలను మా పిలుపుల్లోంచి తీసేయాలని నేను గట్టిగా చెబుతాను. పటం తలకిందులైనప్పుడు ఎవరి ఎడమ అన్న అయోమయం వస్తుంది. నైరుతి గాలిలో సముద్రం మన కుడి చేతి వైపు ఉంటుంది, ఈశాన్యపు గాలిలో ఎడమ చేతి వైపుకు మారుతుంది. "సముద్రం", "రోడ్డు" అని పిలిస్తే ఏ గాలిలోనైనా, పటం ఎటు తిరిగి ఉన్నా దిక్కు ఒక్కటే. ఈ రెండు మాటలు ఎంత హోరులోనైనా ఒకదానికొకటిగా వినిపించవు.

సమస్య: సముద్రపు గాలి హఠాత్తుగా ఆగి ఉక్కపోస్తోంది, పడమట మబ్బు కమ్ముకుంటోంది

ఇది సర్దుబాటు చేసుకునే వాతావరణం కాదు, దించేయవలసినది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తూర్పు కనుమల మీద పెరిగిన క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపులు తెచ్చే మబ్బులు, మధ్యాహ్నాల్లో తీరం వైపు వస్తాయి. సముద్రపు గాలి చచ్చుబడిన కాసేపటికే నేల వైపు నుంచి చల్లటి ఈదురుగాలి విరుచుకుపడుతుంది. మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపు వినిపిస్తే పిడుగులు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నట్టు. కార్బన్ పుల్లకు, తడిసిన దారానికి విద్యుత్తును పోనిచ్చే గుణం ఉందని మరవకూడదు. దారాల మెలికలు ముందు విప్పి, వరుస చివరి నుంచి ఒక్కొక్కరుగా దించి, నాలుగు దారాల పటాలను ముందు అంచు నేలకు ఆనేలా బోర్లించి, హ్యాండిళ్లను మేకుకు తగిలించాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వచ్చే ముందు ఈశాన్యపు గాలి ఎంతో నిండుగా వీచి ఊరిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరికి వేరే చెప్పనక్కరలేదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం సూచన వెలువడిన రోజున పటాల సంచి ఇంట్లోనే ఉండాలి.

సమస్య: దారాలు మెలిక పడ్డాక జారడం లేదు, పటాలు చెప్పిన మాట వినడం లేదు

డైనీమాకు ఉన్న గొప్ప గుణం నునుపు. నలుగురి దారాలు ఒకదానికొకటి చుట్టుకున్నా పటాలు తిరుగుతూనే ఉంటాయి, చుట్టిన దిక్కుకు ఎదురు తిప్పితే విడిపోతాయి. అలా విడిపోకపోతే లెక్క తప్పి ఉంటుంది, లేదా దారం నునుపు పోయి ఉంటుంది. చుట్లను ఒకరు పైకి లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి.

నునుపు పోవడానికి ఇక్కడ ఉప్పు తేమే కారణం. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మీటరు దూరం లాగి చూడండి. మంచి దారం చల్లగా జారిపోతుంది. ఉప్పు పట్టినది సన్నగా గరగరమంటుంది, వేలి మీద తెల్లటి పొర మిగులుతుంది. బకెట్ మంచినీళ్లలో దారాన్ని వదులుగా నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి, నీడన ఆరనిచ్చి చుట్టుకోవాలి. డైనీమా దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఒక దారం కదలకుండా నిలిచి, మరొకటి దాని మీద ఒకే చోట వేగంగా ఒరుసుకుంటే తెగిపోతుంది. కెవ్లార్ అనే మరో రకం గట్టి దారాన్ని వరుసలోకి రానివ్వకూడదు, అది డైనీమాను కోసేస్తుంది.

సంక్రాంతి రోజుల్లో మేడల మీది పటాల మాంజా తెగి తీరానికి కొట్టుకొస్తుంది. నైలాన్ వంటి సింథటిక్ పదార్థాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. మన దారానికి గాజు పూత లేకపోయినా అదీ సింథటిక్‌దే కనుక, బీచ్‌లో ఎగరేసే ముందు పోలీసులకు దారాన్ని చూపించి అనుమతి తీసుకోవాలి. జనం దారాల కిందికి రాకుండా ఒక మనిషిని కాపలా పెట్టాలి. మాంజా ఒరుసుకున్న దారం తెగకపోయినా పోగులు లేచి ఉంటుంది. ఆ ఒక్క దారాన్ని మార్చితే పొడవులు మళ్లీ తేడా వస్తాయి కాబట్టి జతను మొత్తంగా మార్చి, మేకు దగ్గర మళ్లీ సరిచూసుకోవాలి.