సమాసం విడదీయండి, తర్వాతే డబ్బు తీయండి

ప్రొద్దుటూరులో తెలుగు అయ్యవారిగా పనిచేసి రిటైరయ్యాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనిక వస్తువులు సేకరించడం నా పిచ్చి. మొదట్లో ఫొటో లేని ఒక జాబితాలో ‘వాఫెన్‌రాక్’ చూసి, ఆయుధాలు తగిలించే చట్రం కాబోలు అనుకుని డబ్బు పంపాను. వచ్చింది కవాతుకు తొడిగే కోటు. అదీ ఈమధ్య కుట్టిన నకలు.

మీరు ఆ తప్పు చేయకండి. జర్మన్ పదం చూడగానే మన తత్పురుష సమాసంలా విడదీయండి. చివరి పదమే వస్తువు: ‘రాక్’ అంటే కోటు. ‘ష్టాల్‌హెల్మ్’లో ‘ష్టాల్’ ఉక్కు, ‘హెల్మ్’ శిరస్త్రాణం. ‘ఫెల్డ్‌పోస్ట్’ యుద్ధరంగపు టపా. ‘ఎర్కెన్నుంగ్స్‌మార్కె’ గుర్తింపు బిళ్ల. సైనికుడు చనిపోతే ఒక సగం విరిచి తీసుకుని, రెండో సగం దేహంతోనే ఉంచేవారు. ‘వాఫె’ దగ్గర మాత్రం ఆగండి. దానికి ఆయుధమనీ, సైన్యంలో ఒక విభాగమనీ రెండర్థాలు. ‘వాఫెన్‌ఫార్బె’ అంటే తుపాకి రంగు కాదు, విభాగపు రంగు: పదాతిదళానికి తెలుపు, ఫిరంగులకు ఎరుపు, ట్యాంకులకు గులాబి.

అమ్మేవారు ఎక్కువగా గందరగోళపెట్టేది ‘వేర్‌మాఖ్ట్’తో. అది ఒక్క సైన్యం పేరు కాదు. 1935 నుంచి హేర్ (పదాతి మొదలైన భూసేన), క్రీగ్స్‌మరీన్ (నౌకాదళం), లుఫ్ట్‌వాఫె (వైమానికదళం) మూడూ కలిసి వేర్‌మాఖ్ట్. వాఫెన్ ఎస్ఎస్ నాజీ పార్టీ వైపు పుట్టిన వేరే సంస్థ. ‘వేర్‌మాఖ్ట్ ఎస్ఎస్ బకిల్’ అని రాసి అమ్మేవాడికి ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి. బెల్టు బకిల్ మీద ‘గాట్ మిట్ ఉన్స్’ (దేవుడు మనతో) ఉన్నంత మాత్రాన అది హిట్లర్ కాలానిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధపు బకిళ్లు చాలావాటి మీద కూడా ఆ మాటే, నడుమ కిరీటంతో. హిట్లర్ కాలానికి కిరీటం పోయి, హాకెన్‌క్రాయిజ్ (నాజీల గుర్తు) పట్టుకున్న గద్ద వచ్చింది. ‘కొక్కెపు శిలువ’ అని ఆ పేరుకు అర్థం. మన గడప మీది స్వస్తికతో కలిపి మాట్లాడేవారికి నేను ముందు ఈ పేరు చెబుతాను.

ఐరన్ క్రాస్ వెనక 1813 చూసి రెండువందల ఏళ్ల నాటిదని మురిసిపోకండి. ఆ పతకం పుట్టిన ఏడాది అది. ముందువైపు 1939 ఉంటే రెండో ప్రపంచ యుద్ధానిది. సాధారణంగా లోపల ఇనుప బిళ్ల, చుట్టూ వెండి చట్రం ఉంటాయి. నేను తెప్పించినదాన్ని మా ఊరి కంసాలి భూతద్దంతో చూసి, “అయ్యవారూ, ఎక్కడా అతుకే లేదు, ఇది ఏకంగా పోత పోసిన సరుకు” అన్నాడు. అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన అసలుదని తేలదు; అంటుకోని అసలువీ ఉన్నాయి. అతుకే ముఖ్యం.

కొత్తవారు పతకాల జోలికి పోకుండా 1940 నుంచి వచ్చిన జింకు ఫెనిగ్‌లతో (జర్మన్ చిల్లర నాణేలు) మొదలుపెట్టండి. ధర తక్కువ కాబట్టి నకలు చేసే ఓపిక సాధారణంగా ఎవరికీ ఉండదు. మీద ఉన్న చిన్న అక్షరం టంకశాలది: ఎ అంటే బెర్లిన్, డి మ్యూనిక్, జె హాంబర్గ్. వాటిని తోమవద్దు. చింతపండు పులుపు జింకును తినేస్తుంది. మా ఆవిడ దీపపు కుందులతో పాటు నా పది ఫెనిగ్‌ల నాణేన్ని కూడా తోమిపెట్టింది. అది 1941 నాటిదని ఇప్పుడు నేను చెబితేనే తెలుస్తుంది.