గలాంటిన్ కోసినప్పుడు బయటపడే తప్పులు: ఏది ఎందుకు, ఎలా సరిచేయాలి

గలాంటిన్‌తో ఉన్న చిక్కేంటంటే, తప్పు చేసిన రోజు అది తెలియదు. ఇవాళ కోడి ఎముకలు తీసి, లోపల మాంసం నింపి, గుడ్డలో చుట్టి ఉడికిస్తాం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటుంది. మర్నాడు మొదటి ముక్క కోస్తేగానీ లోపల ఏం జరిగిందో కనపడదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేటప్పుడు నేను కోసిన మొదటి ముక్క నడిమధ్యలో రూపాయి బిళ్లంత కన్నం ఉంది. మా చెఫ్ ఆ ముక్కని కంటి దగ్గర పెట్టుకుని అందులోంచి నన్ను చూశారు. తిట్టినా బాగుండేది.

ఇది ఫ్రెంచ్ వంట. కోడినో బాతునో తోలు చిరగకుండా ఎముకలన్నీ తీసేస్తారు. మెత్తగా రుబ్బిన మాంసం (కిచెన్‌లో ఫార్స్ అంటారు), దాని మధ్యలో పిస్తా, హామ్ ముక్కలు, డబ్బుంటే ట్రఫుల్ (ఖరీదైన పుట్టగొడుగు) పెట్టి చుడతారు. స్టాక్‌లో (ఎముకలు ఉడికించి తీసిన రసంలో) సన్నని సెగ మీద ఉడికించి, చల్లార్చి, జెల్లీ పూతతో చల్లగా వడ్డిస్తారు. వేడిగా కూడా వడ్డించే దాని చుట్టం పేరు బలొటీన్. ఇక్కడి లెక్కలన్నీ ఒకటిన్నర కిలో కోడికి.

ముక్క పొడిపొడిగా రాలుతోంది, గుడ్డలో కొవ్వు పేరుకుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫార్స్ అంటే ఖీమా కాదు. మాంసానికి ఉప్పు పట్టించి రుబ్బితే అందులోని ప్రోటీన్ జిగురుగా మారి, కొవ్వునీ నీటినీ తనలో పట్టి ఉంచుతుంది. మిక్సీ తిరిగేకొద్దీ జారు వేడెక్కుతుంది. ఫార్స్ సుమారు 15 డిగ్రీలు దాటితే కొవ్వు మెత్తబడి ఆ పట్టు వదిలేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు పెద్దగా తేడా కనిపించదు, ఉడికాక కొవ్వంతా బయటికొచ్చి మాంసం ఇసుకలా మిగులుతుంది. ఫ్రెంచ్ వంటవాళ్లు ఈ పనికి చల్లటి గది వాడుకుంటారు. మే నెలలో మన వంటింట్లో అదే పని చేయాలంటే ఐస్ తప్ప వేరే దారి లేదు.

మాంసాన్నీ కొవ్వునీ విడివిడిగా చిన్న ముక్కలు చేసి అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి, జారు, బ్లేడు కూడా. ముందు మాంసం, ఉప్పు. అది జిగురయ్యాక కొవ్వు. చివర్లో చల్లటి క్రీమ్, కొద్దికొద్దిగా. పది సెకన్లు తిప్పి ఆపండి, థర్మామీటర్ పెట్టి చూడండి. 12 డిగ్రీలు చూపిస్తే మళ్లీ ఫ్రీజర్‌కే.

పచ్చి ఫార్స్ నూనె రాసినట్టు మెరుస్తుంటే అప్పుడే విరగడం మొదలైందని అర్థం. పళ్లెంలో పల్చగా పరిచి ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, ఒక గుడ్డు తెల్లసొన, రెండు చెంచాల చల్లటి క్రీమ్ వేసి మళ్లీ తిప్పండి. చాలాసార్లు దారికొస్తుంది. ఉడికాక విరిగినదాన్ని మాత్రం ఎవరూ అతికించలేరు. వెన్న వేసి రుబ్బి బ్రెడ్ మీద రాసుకోండి, గలాంటిన్ అని మాత్రం అనకండి.

ఇంత టెన్షన్ పడకుండా ఐదు నిమిషాల పరీక్ష ఒకటుంది. చెంచాడు ఫార్స్‌ని ప్లాస్టిక్ ఫిల్మ్‌లో మూటగట్టి, మరగని వేడినీళ్లలో ఉడికించి, చల్లార్చి కోసి చూడండి. రేపటి ముక్క ఎలా ఉంటుందో ఇవాళే తెలిసిపోతుంది.

చప్పగా ఉంది

చల్లటి తిండిలో ఉప్పూ మసాలా నాలుకకి తక్కువగా తెలుస్తాయి. కిలో ఫార్స్‌కి 15 నుంచి 18 గ్రాముల ఉప్పు వేయండి. పైన చెప్పిన పరీక్ష ముక్కని చల్లారాకే రుచి చూడాలి. వేడిగా తిని సరిపోయిందనుకుంటే మర్నాడు చప్పగానే ఉంటుంది.

మధ్యలో కన్నాలు, తోలుకీ ఫార్స్‌కీ మధ్య సందు

నా రూపాయి బిళ్ల కథ ఇదే. చెంచాతో వేసిన ఫార్స్‌లో గాలి ఉండిపోతుంది. గిన్నెలో ఉండగానే దాన్ని గుప్పెడు గుప్పెడు ఎత్తి గట్టిగా కొట్టండి. పిస్తా, హామ్ ముక్కల మీది తడిని పొడి గుడ్డతో అద్దేయాలి, తడిగా ఉంటే ఫార్స్ వాటిని పట్టుకోదు, కోసినప్పుడు రాలిపోతాయి.

రెండో కారణం చాలామంది పట్టించుకోరు. ఉడికిన చుట్ట కుంచించుకుపోయి గుడ్డ వదులవుతుంది. కాస్త వేడి తగ్గాక గుడ్డ విప్పి మళ్లీ బిగించి కట్టాలి. తర్వాత చల్లబెట్టేటప్పుడు పైన పలక పెట్టి, దాని మీద కిలో బరువు. ఎక్కువ పెడితే రసం బయటికొచ్చేస్తుంది.

తోలు చిరిగింది

మన చికెన్ షాపులో అడగకపోతే తోలు లాగేసి ఇస్తారు, ముందే చెప్పి వేడినీళ్లలో ముంచి ఈకలు తీయించుకోండి. నాటుకోడికి చేసినట్టు మంట మీద కాల్పించొద్దు, తోలు గట్టిపడి కత్తికి లొంగదు. వెన్నెముక వెంట కోసి, కత్తి మొన ఎప్పుడూ ఎముక వైపే ఉంచి మాంసం విడదీయండి. వీపు మీద మాంసం పల్చన, తోలు దాదాపు ఎముకకి అంటుకుని ఉంటుంది. చిరిగేది అక్కడే.

చిన్న చిరుగైతే లోపలి వైపు నుంచి రొమ్ము మాంసం పలక ఒకటి అడ్డం పెట్టండి. పెద్దదైతే మెడ తోలు ముక్క అతికించి గుడ్డలో బిగించండి. పూర్తిగా పాడైతే ప్లాస్టిక్ ఫిల్మ్‌లో చుట్టి ఉడికించండి. తోలు లేకపోయినా రుచికి లోటుండదు, అందానికే.

ఉడుకుతుండగా పగిలింది, లేదా మాంసం పీచుగా ఎండింది

రెండింటికీ కారణం ఒకటే: స్టాక్ తెర్లింది. వేడికి తోలు బిగుసుకుంటుంది, లోపలి ఫార్స్ ఉబ్బుతుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది. స్టాక్ 75-80 డిగ్రీల దగ్గరే ఉండాలి. అడుగున ఒక్కో బుడగ కదులుతుంటే చాలు, పైకి రాకూడదు. గంట నుంచి గంటన్నర పడుతుంది కానీ గడియారాన్ని నమ్మకండి. మధ్యలో థర్మామీటర్ గుచ్చి 74 డిగ్రీలు వచ్చాక ఆపండి. మధ్యలో పచ్చిగా ఉందని వేడిగా ఉన్నప్పుడే తెలిస్తే మళ్లీ స్టాక్‌లో పెట్టొచ్చు. మర్నాడు కోసినప్పుడు తెలిస్తే పారేయాల్సిందే. హామ్ గులాబీ రంగు చూసి మాత్రం కంగారు పడొద్దు, ఉడికినా అది అలాగే ఉంటుంది.

స్టాక్‌లోనే చల్లార్చాలని పాత పద్ధతి చెబుతుంది. ఎండిపోకుండా ఉండటానికి అది మంచిదే. అలాగని గిన్నెడు స్టాక్‌ని రాత్రంతా గట్టు మీద వదిలేస్తే మన వాతావరణంలో తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది. గిన్నెని ఐస్ నీళ్లలో దింపండి. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం రెండు గంటల్లో 57 నుంచి 21 డిగ్రీలకి, మొత్తం ఆరు గంటల్లో 5 డిగ్రీలకి దిగాలి. వాసన తేడాగా ఉంటే రుచి చూడటం కూడా వద్దు.

జెల్లీ గట్టిపడలేదు, జారిపోతోంది, మసకగా ఉంది

మటన్ పాయా మిగిలితే ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది కదా, ఈ జెల్లీ అదే సంగతి. ఎముకల్లోంచీ కాళ్లలోంచీ దిగిన జెలటిన్. స్టాక్‌లో కోడికాళ్లు వేస్తే చాలావరకు సరిపోతుంది. చల్లటి పళ్లెం మీద చెంచాడు పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. గడ్డకట్టకపోతే పూతకి లీటరుకి మొత్తం 30 గ్రాముల దాకా జెలటిన్ ఉండేలా కలపండి.

పచ్చి అల్లం రసం గానీ పచ్చి బొప్పాయి గానీ కలిస్తే ఎంత జెలటిన్ వేసినా దండగే. జెలటిన్ కూడా ప్రోటీనే, వాటిలోని ఎంజైమ్ దాన్ని తినేస్తుంది. అల్లం రుచి కావాలంటే ముందు బాగా మరిగించండి. జెలటిన్ బదులు చైనా గ్రాస్ వేద్దామనుకుంటే పూత పెళుసుగా వచ్చి పలకలుగా ఊడిపోతుంది, నోట్లో కరగదు కూడా.

జారిపోవడానికి కారణం పైనున్న కొవ్వు, లేదా తడి. వేడినీళ్లలో పిండిన గుడ్డతో చుట్ట పైభాగం తుడిచి, ఆరబెట్టి, మళ్లీ చల్లబెట్టండి. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో ఫ్రిజ్ నుంచి తీసిన నిమిషంలోనే చెమ్మ పడుతుంది, కాబట్టి పూత సిద్ధంగా పెట్టుకునే తలుపు తీయండి. జెల్లీ పాకంలా చిక్కబడుతుండగా పోయాలి. మసకగా ఉంటే స్టాక్ తెర్లిందన్నమాట. చల్లటి స్టాక్‌లో గిలక్కొట్టిన తెల్లసొన కలిపి మెల్లగా వేడిచేస్తే మడ్డంతా పైకి తేలి గడ్డకడుతుంది. గుడ్డలో వడకట్టండి, పిండొద్దు.

అన్నీ బాగున్నాయి, కోస్తుంటేనే విరుగుతోంది

తొందర. కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉండాలి. పొడవాటి సన్నని కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్క దిశలో లాగండి, రంపంలా ఆడించొద్దు. ముక్క సెంటీమీటరు మందం. చివరి రెండు కొసలూ ఎప్పుడూ వంకరే వస్తాయి, అవి వండినవాళ్ల వాటా.