ఆర్‌సీసీబీ కావాలా వద్దా అన్న పేచీ తేల్చుకోవడం ఎలా

లోడు ఎక్కువైనా, షార్టయినా తెంపే స్విచ్చు ఎంసీబీ; కరెంటు లీకైతే తెంపే స్విచ్చు ఆర్‌సీసీబీ. వైరింగ్ పని ఒప్పుకున్న ప్రతిచోటా ఈ రెండోదాని మీద పేచీ తప్పదు. "ఎంసీబీలు ఉన్నాయిగా, మళ్లీ ఇదెందుకు? ఊరికే పడిపోతూ ఉంటుంది" అంటారు ఇంటివాళ్లు. "రూల్ అది" అంటే నోరు మూతపడుతుంది తప్ప పేచీ తేలదు. నేనైతే కాగితం మీద లెక్క వేయించి చూపిస్తాను.

ఒంటి నిరోధం 1,000 ఓములు అనుకోండి. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి 230 మిల్లీఆంపియర్లు పోతాయి. 60 వాట్ల బల్బు కూడా ఇంచుమించు అంతే లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలను కూడా కదలదు. అది కాపాడేది తీగను, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ చూసేది వేరు. ఫేజులో వెళ్లింది న్యూట్రల్లో తిరిగి వచ్చిందా లేదా అన్నదొక్కటే దానికి పట్టింపు. ఒంట్లోంచి నేలలోకి పోయినంత తక్కువగా తిరిగి వస్తుంది. ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు, 150 దాటితే 0.04 సెకన్లలోపు తెంపేయాలి.

అవతలివాళ్ల మాటలోనూ కొంత నిజముంది, ఒప్పుకోండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి తేడా కనిపించదు. ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ దాని పని కాదు, కాబట్టి ఎంసీబీ ఉండాల్సిందే. రెండు పనులూ ఒకదానితోనే కావాలంటే ఆర్‌సీబీఓ తీసుకోండి.

ఇక "ఊరికే పడిపోతుంది" అన్న ఫిర్యాదు. అసలు గొడవంతా దీని దగ్గరే. పడిందంటే ముందు ప్లగ్గులన్నీ పీకి, ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో లైను వేసుకుంటూ రండి. ఏ లైనుకు పడితే తప్పు ఆ లైన్లోనే ఉందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. గీజర్ వేసినప్పుడల్లా పడుతుంది, గీజర్ మారిస్తే మళ్లీ పడుతుంది. తీరా చూస్తే ఫ్యాన్ లైన్లో న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు ఆనుకుని ఉంటుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్‌ను తెంపదు. అందుకే ఫ్యాన్ లైను ఆపి ఉన్నా, గీజర్ కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి జారిపోతుంది. దీన్ని పట్టాలంటే మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో తీగ విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే సాధనం) ఎర్త్‌కు కొలవాలి. 1 మెగాఓముకు తగ్గకూడదు. ఇది పని తెలిసినవాళ్లే చేయాలి.

తప్పేమీ లేకపోయినా పడే ఇళ్లూ ఉంటాయి. కంప్యూటర్లు, వాషింగ్ మెషీన్లలోని ఎలక్ట్రానిక్ ఫిల్టర్లు ఒక్కోటీ ఎర్త్‌లోకి కాస్త కాస్త కరెంటు లీక్ చేస్తూనే ఉంటాయి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, అది ప్రమాణం ఒప్పుకున్నదే. కాబట్టి ఇల్లంతా ఒక్కదాని కింద పెట్టకండి. లైన్లు పంచండి, ఫ్రిజ్‌కు విడిగా ఆర్‌సీబీఓ ఇవ్వండి. ఎలక్ట్రానిక్ సామాను ఉన్నచోట ఆర్‌సీసీబీల్లో "టైప్ ఏసీ (AC)" కాదు, "టైప్ ఏ (A)" అడగండి.

"అమెరికాలో 5 మిల్లీఆంపియర్లకే తెంపుతారు, మనకు 30 ఎందుకు?" అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. అక్కడ చార్లెస్ డాల్జియెల్ 1961లో తయారుచేసిన పద్ధతి మీద వచ్చిన పరికరం ఎక్కువగా సాకెట్ దగ్గరో, ఒక్క లైనుకో ఉంటుంది. అదే 5ను ఇల్లంతటికీ పెడితే పూట గడవదు.

వైరింగులో లేచే నిప్పురవ్వలను (ఆర్క్) పసిగట్టి తెంపే ఏఎఫ్‌డీడీ అనే పరికరం కావాలా వద్దా అన్న వాదన మాత్రం న్యాయమైనదే. అమెరికా కోడ్ 1999లోనే పడకగదులకు దాన్ని తెచ్చి, 2002 నుంచి అమలు చేసింది. బ్రిటన్ 2022లో కూడా కొన్ని రకాల నివాసాలకే తప్పనిసరి చేసింది. వదులైన టెర్మినల్ నెమ్మదిగా కాలడాన్ని అది అన్నిసార్లూ పట్టలేదు. నన్నడిగితే ముందు స్క్రూలు బిగించండి, ఆర్‌సీసీబీలు పెట్టండి, డబ్బు మిగిలితే అప్పుడు దీని సంగతి చూద్దాం.

బిగించాక టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి, ఆ తర్వాత ఆరు నెలలకోసారైనా మీరే నొక్కండి. పడకపోతే మార్చేయడమే. పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని అనుకోవద్దు. ఆ బటన్ ఎర్త్ తీగను అసలు ముట్టుకోదు. ఎర్త్‌ను విడిగా కొలిపించి, అంకె రాయించుకున్నాకే బిల్లు కట్టండి.