సరైన కార్డు నంబరును ఫారం తిరస్కరిస్తుంటే: సమస్య - పరిష్కారం

క్రెడిట్ కార్డు నంబరులో చివరిది తనిఖీ అంకె, అంటే నంబరు రాయడంలో తప్పు దొర్లిందో లేదో చూడటానికి చేర్చినది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ రూపొందించిన పద్ధతి ప్రకారం (దీనికి 1960లో పేటెంటు లభించింది) కుడి చివర నుంచి లెక్కిస్తూ ప్రతి రెండో అంకెను రెట్టింపు చేసి, ఫలితం 9 దాటితే అందులోంచి 9 తీసివేసి, అన్నిటినీ కూడినప్పుడు మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. సూత్రం ఇంతే. అయినా ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి మూలం సూత్రంలో కాక, అంకెలను మన ప్రోగ్రాం చదివే తీరులో ఉంటుంది.

సమస్య: 16 అంకెల కార్డులు చెల్లుతున్నాయి, 15 అంకెల అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులు మాత్రం చెల్లడం లేదు.
కారణం: లెక్క ఎడమ నుంచి మొదలవుతోంది. అంకెల సంఖ్య సరిసంఖ్య అయినప్పుడు ఎడమ నుంచి మొదటి అంకెను రెట్టింపు చేసినా ఫలితం ఒకటే కనుక లోపం బయటపడదు. బేసిసంఖ్య అయితే రెట్టింపు కావలసినవి తారుమారవుతాయి.
పరిష్కారం: అంకెలను ఒక్కొక్కటిగా చదివే లూప్‌ను చివరి అంకె నుంచి వెనక్కి నడపాలి. 378282246310005 అనే పరీక్ష నంబరుకు మొత్తం 60 రావాలి; ఎడమ నుంచి చేస్తే 48 వస్తుంది.

సమస్య: పరీక్షల్లో అంతా సవ్యంగా ఉంది, వాడుకలోకి వచ్చాక మామూలు కార్డులు కూడా విఫలమవుతున్నాయి.
కారణం: అందరూ వాడే 4111 1111 1111 1111 అనే పరీక్ష నంబరులో రెట్టింపు చేస్తే 9 దాటే అంకె ఒక్కటీ లేదు. 9 తీసివేయడం పూర్తిగా మరచిపోయిన కోడ్ కూడా దీనిపై నెగ్గుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క నంబరుతో సరిపెట్టుకోవడం పరీక్షించకపోవడంతో సమానం.
పరిష్కారం: 5555 5555 5555 4444ను, పైన చెప్పిన 15 అంకెల నంబరును కూడా పరీక్షల్లో చేర్చాలి. ఒక అంకె మార్చిన తప్పుడు నంబర్లు తిరస్కరణకు గురవుతున్నాయో లేదో కూడా చూడాలి.

సమస్య: వినియోగదారు ఇచ్చిన నంబరు, మన దగ్గర చేరిన నంబరు చివరి అంకెల్లో వేరుగా ఉన్నాయి.
కారణం: నంబరును సంఖ్యగా నిల్వ చేశారు. జావాస్క్రిప్ట్‌లో పూర్ణసంఖ్యలు 9007199254740991 వరకే ఖచ్చితంగా నిలుస్తాయి. 4తోనో 5తోనో మొదలయ్యే 16 అంకెల నంబర్లు ఆ హద్దులోపలే ఉంటాయి కనుక ఇబ్బంది కనిపించదు; 19 అంకెల నంబరు మాత్రం ఏ హెచ్చరికా లేకుండా మారిపోవచ్చు. ఎక్సెల్ 15 అంకెలనే నిలుపుకుంటుంది కనుక 16వ అంకె సున్నా అవుతుంది.
పరిష్కారం: కార్డు నంబరుతో కూడికలు, తీసివేతలు చేసే అవసరం ఎన్నడూ రాదు, అది అంకెలతో రాసిన పేరు వంటిది. మొదటి నుంచి చివరి దాకా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే ఉంచాలి.

సమస్య: టైప్ చేస్తే చెల్లుతుంది, కాపీ చేసి పేస్ట్ చేస్తే చెల్లదు.
కారణం: మామూలు ఖాళీలను తొలగించే కోడ్, విడగొట్టలేని ఖాళీని (చూడటానికి మామూలు ఖాళీలాగే ఉండే వేరే అక్షరం), పొడవైన గీతను తొలగించకుండా వదిలేస్తుంది. లేదా ఫీల్డు పొడవును 16కు పరిమితం చేయడం వల్ల, ఖాళీలతో కలిపి 19 అక్షరాలైన నంబరు తోక తెగిపోతుంది.
పరిష్కారం: 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలను మాత్రమే ఏరుకుని, పొడవును ఆ తరువాతే చూడాలి.

సమస్య: కొన్ని మాస్టర్‌కార్డులను గుర్తించడం లేదు.
కారణం, పరిష్కారం: ఆరంభ అంకెల్లో 51-55 శ్రేణితో పాటు 2221-2720 శ్రేణిని కూడా చేర్చాలి.

సమస్య: తప్పు నంబరు చెల్లుతోంది.
కారణం: ఇది పద్ధతికే ఉన్న హద్దు. ఒక అంకె తప్పును ఇది తప్పక పట్టుకుంటుంది, కానీ పక్కపక్కనున్న 09ని 90గా, 22ను 55గా రాస్తే పట్టుకోలేదు. అన్నీ సున్నాలైనా అంగీకరిస్తుంది. కార్డు నిజంగా ఉందో లేదో బ్యాంకు మాత్రమే చెప్పగలదు.
పరిష్కారం: పొడవును, ఆరంభ అంకెలను కూడా చూసి, మిగిలిన నిర్ణయాన్ని చెల్లింపు గేట్‌వేకు (చెల్లింపును బ్యాంకుకు చేరవేసే సేవకు) వదలాలి.

ఈ లోపాలను వెతికేటప్పుడు వచ్చిన నంబరును లాగ్‌లో (ప్రోగ్రాం నడక వివరాలు నమోదయ్యే ఫైల్‌లో) రాసి చూడాలనిపిస్తుంది. పూర్తి నంబరును అక్కడ రాయకూడదు. పొడవును, చివరి నాలుగు అంకెలను, లెక్కలో వచ్చిన మొత్తాన్ని రాసుకుంటే పైన చెప్పిన కారణాల్లో చాలావాటిని గుర్తించవచ్చు.